యముడి పక్కన హార్మోనియం

ఇటు జరగండి, తలుపు దగ్గర కూర్చోకండి. పక్క షెడ్డులో సాంచెలు నడుస్తున్నాయి. కరెంటు మగ్గాన్ని మేము సాంచె అంటాం. దూరంగా ఉంటే నా మాటల్లో సగం అవే తినేస్తాయి. చాయ్ తాగేవాళ్ళు తాగుతూ వినండి. కాగితం మీద చదివేవాళ్ళు కూడా నా పక్కనే చాప మీద ఉన్నారనుకోండి. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది, అక్షరాలు కుదురుగా రావు. మనుషుల మాటలు మాత్రం ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే గుర్తుంటాయి.

మీలో కొందరు హార్మోనియం నేర్చుకుని నాట్యానికి, నాటకాలకు వాయించడానికి వెళ్తున్నారు. వేళ్ళు వంకర్లు పోయేదాకా నేను చేసిన పని అదే. ఎక్కడ దండ వేశారో, ఎవరు శాలువా కప్పారో చెప్పను. ఆ పని లోపల ఏముంటుందో చెబుతాను.

పెట్టె ఎట్లా వచ్చింది

మా నాన్న జగిత్యాల వైపు నుంచి ఇటు మహారాష్ట్రలో భివండీ వచ్చి, ఈ నార్పోలి పేటలో సాంచెలు నడిపాడు. సాయంత్రాలు మన వాళ్ళు వేషాలు కట్టి ఆడే ఆటలకు హార్మోనియం వాయించేవాడు. మా అమ్మ దెప్పేది: "మీ నాయిన ఊరికెల్లి రెండే సామాన్లు తెచ్చిండు. ఒకటి నేను, ఒకటి ఆ పెట్టె. పైలంగ తెచ్చింది ఆ పెట్టెనే."

పద్ధతిగా సంగీతం నేర్పింది మాత్రం వరాలా తలావ్ చెరువు వైపు అద్దెకు ఉండే ఒక వయొలిన్ పంతులు గారు. గోదావరి వైపు మనిషి. ఆయనకు హార్మోనియం గిట్టదు. "ఆ పెట్టెలో స్వరాలు మెట్లెక్కి దిగుతాయి తప్ప జారవమ్మా" అనేవారు. అందుకని నా గొంతుకే నేర్పారు. వర్ణాలు, కీర్తనలు, రాగం ఆలపించడం, అన్నీ గొంతుతోనే. గొంతులో ఉన్నదాన్ని వేళ్ళతో వెతుక్కునే పాట్లు నేనే పడ్డాను. అది మంచిదే అయింది. పాడేవాళ్ళకు ఊపిరి ఎక్కడ చాలదో నాకు ముందే తెలిసేది.

ఎవరి మాట చెల్లుతుంది

నాట్యం క్లాసు పెట్టిన వసుంధర టీచర్ నన్ను మొదట పిలిచింది. ఆమెది విజయవాడ. భర్త ఉద్యోగం వల్ల ఇటు వచ్చి, మా పిల్లలకు కూచిపూడి నేర్పేది. మృదంగానికి డోంబివలీ నుంచి శేషాద్రి సార్ బస్సులో వచ్చేవారు. పెద్ద కచేరీల్లో వాయించిన చెయ్యి ఆయనది. నాట్యానికి వాయించడం కొత్త.

మా మొదటి ప్రదర్శన చివర లక్ష్మి అనే అమ్మాయి శివుడిలా ఒంటికాలి మీద నిలబడాలి, మృదంగం ముగించాలి, తెర పడాలి. శేషాద్రి సార్ ముగింపు మొదలుపెట్టారు. చాలా బాగా కుదిరింది. బాగా కుదిరింది కదా అని మళ్ళీ ఒకసారి తిప్పారు. మళ్ళీ ఇంకోసారి. కళ్ళు మూసుకుని తల ఊపుతూ ఎక్కడో ఉన్నారు. లక్ష్మి కాలు వణకడం మొదలైంది. తాళాలు పట్టుకున్న వసుంధర టీచర్ పళ్ళ బిగువున, "ఏవండీ, పిల్ల పడిపోతోందండీ!" అంటోంది. ఆయనకు చేరడం లేదు. లక్ష్మి చూసి చూసి, ఎత్తిన కాలు మెల్లగా దించి, రెండో కాలు ఎత్తి నిలబడింది. జనం అదేదో కొత్త అడుగు అనుకుని చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక టీచర్ చేతులు జోడించింది. "సార్, అద్భుతంగా వాయించారు. ఈసారి మాత్రం మీరు కూడా ఒంటికాలి మీద నిలబడి వాయించండి."

ఆయన పెద్దగా నవ్వారు. ఆ రోజు తర్వాత వేదిక మీద కళ్ళు మూయగా నేను చూడలేదు. నాట్యానికి వాయిస్తూ కళ్ళు మూసుకునేవాళ్ళు ఎంత విద్వాంసులైనా నాకు పనికిరారు.

రెండో పాఠం కల్యాణ్‌లో ఒక మరాఠీ సంగీత నాటక మండలి మేనేజర్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన మాట కటువు. ఎవరి పేరూ గుర్తుపెట్టుకోడు. నన్ను 'పేటీవాలీ బాయి' అనేవాడు, పేటీ అంటే వాళ్ళకు హార్మోనియం. నాయకుడి వేషం వేసే ఆయన పద్యం మధ్యలో శ్రుతి జారాడు. నేను జారలేదు, గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తప్పు ఎవరిదో జనానికి తెలిసిపోయింది. ఆట అయ్యాక మేనేజర్ నా మీద పడ్డాడు. "నటుడు తప్పు పాడడు బాయీ. పేటీయే తప్పు పలుకుతుంది. ఆయన జారితే నువ్వూ జారాలి" అన్నాడు.

ఇదేం న్యాయం అనిపిస్తుంది మీకు. కచేరీలో అయితే అన్యాయమే. నాటకంలో కాదు. ఆ మనిషిని నేను ఎన్నడూ ఇష్టపడలేదు గానీ ఆ మాటతోనే బతికాను.

కచేరీలో పాడేవారి మాట చెల్లుతుంది. నాట్యంలో తాళాలు పట్టుకున్నవారి మాట. నాటకంలో వేషం కట్టినవాడి మాట. మూడూ కలిసిన ఆటలో ఎవరి మాట చెల్లాలి? అది నాకు ఎవరూ చెప్పలేదు.

రాజయ్య మామ

మా పద్మశాలీలకు మార్కండేయుడు ఇంటి పెద్ద లాంటివాడు. మాఘమాసంలో ఆయన జయంతి రోజు పొద్దున ఊరేగింపు తీసి, సాయంత్రం ఆట ఆడతారు. చిన్న వయసులోనే చావు రాసిపెట్టి ఉన్న పిల్లవాడు, వాడి ప్రాణం తీయడానికి వచ్చిన యముడు, వాడు శివలింగాన్ని కౌగిలించుకుంటే తాడు లింగానికీ పడటం, శివుడు బయటికి రావడం. కథ తెలియనివాళ్ళు లేరు. అయినా ప్రతి ఏడూ వచ్చి భయపడతారు.

యముడంటే మా దగ్గర రాజయ్య మామే. ఆగిపోయిన సాంచెలను బాగుచేసే పని ఆయనది. గొంతు ఎత్తితే ధామన్కర్ నాకా కూడలిలో ఆటోలు ఆగుతాయని ఎగతాళి చేసేవారు. అన్నేళ్ళు ఆ చప్పుడులో పనిచేసి చెవులు పోయాయి. నార్పోలిలో దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. అందరం గట్టిగానే మాట్లాడుకుంటాం, షెడ్డులో అయితే పిలవకుండా భుజం మీద తడతాం. ఆయన భార్య అనేది: "తిట్టినా నవ్వుతడు, ఏడ్సినా నవ్వుతడు. గిట్లనే మా సంసారం మంచిగ నడిచింది."

చెవులు పోయిన మనిషి ఎట్లా పాడతాడంటారా? పద్యానికి తాళం ఉండదు, శ్రుతి ఆయన గొంతులోనే బిగించి పెట్టినట్టు ఉండేది. దరువు అంటే తాళంతో నడిచే పాట. అది కూడా తప్పేవాడు కాదు. ఎట్లా తప్పడం లేదో మాలో ఎవరూ ఆలోచించలేదు.

ఒక ఏడాది మన పెద్దలు, వసుంధర టీచర్ కలిసి ఒక ఆలోచన చేశారు. పాత ఆట ఆటగానే ఉంటుంది, దానిలో కూచిపూడి నాట్యం కలుస్తుంది. మార్కండేయుడి వేషం లక్ష్మికి ఇచ్చారు. అప్పటికి ఆమె ఎదిగిన పిల్ల, పగలు వాళ్ళ నాన్న షెడ్డులో పనిచేసేది. యమభటులుగా నలుగురు నాట్యం నేర్చుకున్న పిల్లలు. వాళ్ళలో శ్రీను అనేవాడికి గొంతు కూడా ఉంది. మృదంగం శేషాద్రి సార్, తాళాలు టీచర్, హార్మోనియం నేను. యముడు రాజయ్య మామ, తన పాట తనే పాడతాడు.

మా పాత హాలు పైన, చెక్క వేదిక మీద సాధన చేశాం. ఒక్క తప్పు రాలేదు.

బండల వేదిక

జనం ఎక్కువ వస్తారని ఆ ఏడు ధామన్కర్ నాకా దగ్గర కొత్త హాలు తీసుకున్నారు. దాని వేదిక నున్నటి బండలతో కట్టింది, పైన జంపఖానా పరిచారు. జయంతి రోజు మధ్యాహ్నం, ఊరేగింపు ఇంకా తిరుగుతుండగానే, మేము అక్కడ ఒకసారి ఆడి చూసుకున్నాం.

చివరి రంగంలో సంవాద దరువు ఉంటుంది. యముడు ఒక చరణం, మార్కండేయుడు ఒక చరణం. చుట్టూ నలుగురు భటుల అడుగులు ఆ తాళానికే కట్టి ఉంటాయి.

మామ మొదటి చరణం ముందే ఎత్తుకున్నాడు. భటులు ఒకరినొకరు గుద్దుకున్నారు. మళ్ళీ మొదలుపెడితే ఈసారి ఆలస్యంగా ఎత్తుకున్నాడు. ఆ తర్వాత మధ్యలోనే ఆగి, వంగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఏమైంది మామా?" అని సైగ చేశాను.

"నర్సమ్మా, మద్దెల కొడుతలేడా?"

శేషాద్రి సార్ నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. "ఇంతసేపూ నేను కొట్టింది ఏమిటమ్మా మరి?"

"కాళ్ళకు వస్తలేదు," అన్నాడు మామ.

అప్పుడు తెలిసింది. పాత వేదిక మీద మృదంగం, మేము, వేషగాళ్ళు అందరం ఒకే చెక్కల మీద ఉండేవాళ్ళం. దెబ్బ చెక్కల్లోంచి ఆయన పాదాలకు పోయేది. నడిచే సాంచె మీద చెయ్యి పెట్టి రోగం చెప్పే మనిషికి అది వింతగా తోచలేదు. ఎవరికీ చెప్పలేదు. బండల్లోంచి ఏమీ రాదు.

చెక్కలు తెప్పిద్దామంటే, మోసేవాళ్ళంతా ఊరేగింపులో ఉన్నారు. హాలు మనిషి బండల మీద గీతలు పడతాయని అసలే ఒప్పుకోలేదు. నేను చేత్తో తాళం చూపిస్తానన్నాను. "యముడు మార్కండేయుణ్ణి చూడాలా, మిమ్మల్ని చూడాలా?" అంది టీచర్. అదీ నిజమే.

"నర్సమ్మగారూ, ఆయనంటే నాకు గౌరవం లేక కాదు," అంది. "ఆయన ఒక్కడే ఉన్న రంగాల్లో మీరంతా ఆయన వెనక వెళ్ళొచ్చు. ఇక్కడ నలుగురు పిల్లలున్నారు. ఆయన ఎక్కడ ఎత్తుకుంటే అక్కడికి వాళ్ళు దూకలేరు కదా. ఈ దరువు సాధన కోసం శ్రీను పాడిన క్యాసెట్టు ఉంది. అది వేద్దాం. మామగారు పెదాలు కదిపితే చాలు."

లక్ష్మి అడ్డం వచ్చింది. "టీచర్, తాతకు మద్దెలే ఇనవడ్తలేదు. క్యాసెట్ ఏం ఇనవడ్తది?"

"అయితే ఆ ఒక్క రంగానికి కిరీటం శ్రీనుకు పెడదాం. ఆ మీసాల వెనక ఎవరున్నారో జనానికి ఏం తెలుస్తుంది?"

శ్రీను తల వంచుకున్నాడు. మామ మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"పంతులమ్మ ఏమంటాంది?"

చివరికి నేనే ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. "తాడు రంగం శ్రీను చేస్తడంట మామా!"

మామ నవ్వలేదు. భార్య ఏడ్చినా నవ్వే మనిషి నవ్వలేదు. "గది చేసేతందుకే గద నేను యముణ్ణి," అన్నాడు. "మిగతదంత నడిచి వచ్చుడే." కిరీటం తీసి నా హార్మోనియం మీద పెట్టాడు.

అప్పుడూ ఇప్పుడూ నేను టీచర్‌ది తప్పు అనను. నాట్యం ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆ నలుగురి కాళ్ళూ ఆమె పూచీయే. మామది తప్పా అంటే అదీ కాదు. మీరు ఈ పనిలోకి వస్తే ఇట్లాంటి పూటలు వస్తాయి. అందరూ సరిగ్గానే మాట్లాడతారు, ఒక మనిషి మాత్రం వేదిక దిగిపోవలసి వస్తుంది.

లక్ష్మి ఏదో ఆలోచిస్తూ తాడు చుట్టలు విప్పుతోంది. పాత నూలు పేని మేమే చేసిన తాడు, బొటనవేలంత లావు.

"టీచర్, దరువు అయినంక తాడు ఏస్తడు గద. ముందుగాల్నే ఏసేటట్టు చెయ్యిండ్రి."

"ఎందుకే?"

"తాడు పడ్డంక ఇద్దరం గుంజుకుంట పాడుతె జనం బెదురుతరు."

"లింగాన్ని పట్టుకుని కూర్చున్నదానివి, పాటంతా ఆ తాడు ఒరుసుకోదూ?"

"ఓర్చుకుంట. తాతనే పాడనియ్యిండ్రి, టీచర్. ఒక్కసారి."

టీచర్ తాడు చేతిలోకి తీసుకుని గుంజి చూసింది. తర్వాత అంది, "మొదటి చరణం వరకే చూస్తాను. తప్పిందా, అక్కడే తెర దింపి కిరీటం మార్చేస్తాను. ఆ తర్వాత నన్ను అనొద్దు."

లక్ష్మి మామను పక్కకు తీసుకెళ్ళింది. ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు. మళ్ళీ ఆడి చూసుకునే వ్యవధి లేదు, అప్పటికే ఊరేగింపు మేళం నాకా దగ్గర వినిపిస్తోంది.

ఆట

హాలు నిండింది. యముడు మొదట వచ్చే రంగంలో ఆయన ఒక్కడే. "కదలె కాలుడు కారుమబ్బు కరణి" అని దరువు అందుకున్నాడు, తనకు తోచిన కాలంలో. నేను, శేషాద్రి సార్ ఇద్దరం ఆయన పెదాలు చూస్తూ వెనక నడిచాం. కల్యాణ్ మేనేజర్ ఉంటే మెచ్చుకునేవాడు. జనానికి ఏ తేడా తెలియలేదు.

చివరి రంగం వచ్చింది. లక్ష్మి లింగాన్ని కౌగిలించుకుని కూర్చుంది. మామ తాడు విసిరాడు, అది లింగాన్నీ ఆమె నడుమునూ చుట్టుకుంది. తెర లాగే మనిషి టీచర్ చేతి వైపే చూస్తున్నాడు. టీచర్ తాళం వేసింది, మృదంగం మొదలైంది.

తాడు బిగిసింది, వదులైంది. మళ్ళీ బిగిసింది. లక్ష్మి భయం బాగా నటిస్తోంది అనుకున్నాను. రెండోసారి తాళం తిరిగేసరికి చూశాను. నా కాలి బొటనవేలు తాళం వేస్తోంది, తాడు దానితో పాటే బిగుస్తోంది. మొదటి దెబ్బకు గట్టిగా, మిగతా వాటికి తేలిగ్గా. ఒళ్ళంతా వెనక్కి లాక్కుంటూ లక్ష్మి ఆ తాళాన్ని తాడులోంచి ఆయన పిడికిలికి పంపుతోంది.

మామ గొంతు ఎత్తాడు. సరిగ్గా అక్కడే ఎత్తాడు. భటుల నాలుగు కుడికాళ్ళూ ఆ అక్షరం మీదే నేలను తాకాయి.

టీచర్ చెయ్యి తెర వైపు కదలలేదు.

తన చరణం వచ్చినప్పుడు లక్ష్మి పాడాలి, ఏడవాలి, తాడు ఆపకూడదు. మూడూ చేసింది. కాలం రెట్టింపు అయ్యే చోట తాడు కూడా రెట్టింపు అయింది. శేషాద్రి సార్ కూడా చూశారు. అంత చెయ్యి ఉన్న మనిషి ఒక్క పలుకు ఎక్కువ వేయకుండా, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఉట్టి దెబ్బలు వేస్తూ పోయారు. తన సందడిలో పడి ఆ పిల్ల లెక్క చెదరకూడదని. నా వైపు వంగి, "నర్సమ్మా, ఇప్పుడు మృదంగం ఎవరి దగ్గర ఉంది?" అన్నారు.

ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "ఇడువురా ముసలోడా, పిల్ల సస్తది!"

చరణాలన్నీ అయ్యాయి. శివుడు వచ్చాడు. యముడు తను పడవలసిన చోట, పడవలసిన దెబ్బకు పడ్డాడు.

లోపల టీచర్ అడిగింది, "మామగారూ, అంత బాగా పాడారు, మధ్యాహ్నం ఏమైంది మీకు?" ఆయన నవ్వి ఊరుకున్నాడు. లక్ష్మి చున్నీ నడుముకు బిగించి చుట్టుకుంది, కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. "నర్సక్కా, మీరు ఎవలకు జెప్పకుండ్రి," అంది. నేను చెప్పలేదు. శేషాద్రి సార్ కూడా చెప్పలేదు.

టీచర్ అన్న మాట

లక్ష్మి మార్కండేయుడిగా ఉన్నన్నాళ్ళూ మామే యముడు, ఆ బండల వేదిక మీదే. తర్వాత ఆమెకు పెళ్ళయి సూరత్ వెళ్ళింది. మార్కండేయుడి వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చి, టీచర్ నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి వచ్చింది.

"ఈసారి నేను చెయ్య, పంతులమ్మా. శ్రీనుకు పెట్టుండ్రి," అన్నాడు మామ. "నాకు ఇనవడుడు ఎన్నడో బందైంది. ఆ పిల్ల ఇనిపిస్తే పాడిన."

"ఎట్లా వినిపించింది?" అని టీచర్ నన్ను అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపలే మామ అర్థం చేసుకుని, తన భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస ఆమె చేతికిచ్చాడు. రెండో కొస తను పట్టుకుని ఆ దరువు తాళం లాగాడు. మొదటి దెబ్బ గట్టిగా, మిగతావి తేలిగ్గా.

ఆ తాళాన్ని ఆ రోజు వేసింది టీచర్ చెయ్యే. ఆమె తువ్వాలు కొస వదల్లేదు.

"నాకు ముందే చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు," అంది.

మామకు అది వినపడలేదు. నవ్వుతున్నాడు. నేను ఆయన చెవిలో అరవలేదు.

ఆ ఏడు శ్రీను యముడు వేశాడు. బాగానే పాడాడు. నడక, చూపు, తాడు విసిరే తీరు నేర్పింది మామే. చివరి రంగంలో మామ జనంలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పిల్లల కాళ్ళు చూస్తూ ఉన్నాడు. నేను ఆయన వైపు ఒక్కసారే చూశాను. ఆ తర్వాత నా పని వేదిక మీద ఉంది.

ఇక లేవండి, చీకటి పడకముందే ఇళ్ళు చేరండి. మీ ఇంట్లో నూలు తెగకుండా ఉండాలి, పొయ్యి మీద గిన్నె అడుగంటకుండా ఉండాలి. మీ పెద్దలకు మాట అందకపోతే అందించేవాళ్ళు చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. మీ పిల్లలు, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి.